కుట్లకు తడి తగులుతుందని

వాణీ, లేవగానే మంచం పక్కనున్న రెండు సీసాల నీళ్ళూ కొంచెం కొంచెంగా తాగు. బొప్పాయి ముక్కలు గిన్నెలో ఉన్నాయి. వెల్లుల్లి కారం ముట్టకు. గిరి డ్యూటీకి వెళ్ళాడు. నేను తాల్‌బగీచాలో ఉండే డాక్టరమ్మ దగ్గరికి వెళుతున్నాను.

ఆపరేషనై ఆరు రోజులైనా నీకు విరేచనం కాలేదు, కడుపు ఉబ్బింది. నాకు భయంగా ఉంది. లోపలి కుట్లకు తడి తగిలితే చీము పడుతుందని, బాలింతకిచ్చినట్టు నీళ్ళు కొలిచి ఇచ్చింది నేనే. "అత్తా, ఇంకొక్క గుక్కియ్యవేటి?" అని నువ్వడిగినా ఇవ్వలేదు. నీళ్ళు తాగడం లేదని నిన్న డాక్టరమ్మ కోప్పడితే "దాహం వెయ్యలేదు దీదీ" అన్నావు. ఈరోజు నిజం నేనే చెబుతాను.

వాంతి అయితే పక్కింటి ఇందు చేత నాకు వెంటనే ఫోన్ చేయించు.

అత్త

సీసాలు చాలవేమోనని బిందె నీ గదిలోకే తెచ్చి పెట్టాను. ఎవరినీ అడగక్కర్లేదు.