వాడి వెనక గోడ మీద ఎండ

మంగళవారం, గూడూరు

యుద్ధం జరుగుతున్న దేశానికి మన సైనికులను పంపారా అని ఇవాళ లోక్‌సభలో ఒక సభ్యురాలు సూటిగా అడిగింది. ఒక్కరినీ పంపలేదని మంత్రి ఒక్క ముక్కలో చెప్పి కూర్చున్నాడు. టీవీ చూస్తూ టీ హోటల్ సమ్మన్న, "ఇగ పరేషానెందుకన్నా? నీ కొడుకు రాజస్థాన్లనే ఉన్నడు గద" అన్నాడు.

ఎనిమిదిన్నరకు మావాడి వీడియో కాల్ వచ్చింది. తల్లితో ఎప్పుడూ మా లంబాడీలోనే మాట్లాడేవాడు, ఇవాళ అంతా హిందీ. పక్కనున్నవాళ్లకు అర్థం కావాలన్నట్టు. ఆమెకు హిందీ రాదు. కొడుకు ముఖం చూసి మురిసిపోయింది.

నేను మాత్రం గోడ చూశాను. ఇక్కడ చీకటి పడి గంటన్నరైంది, రాజస్థాన్‌లోనూ పడే ఉంటుంది. వాడి వెనక గోడంతా ఎండ. ఆ సభ్యురాలు మంత్రిని మళ్లీ లేపి, ఆ ఎండ ఏ దేశానిదని అడిగితే బాగుండు.