మొకం లోపలికి తిరిగిన పడవ

ఆదివారం, గిన్నెలు కడిగినంక

మామయ్య పడవ ఇయ్యాల అయిపోయింది. కండ్ల ఆపరేషన్ అయినంక దుమ్ములకు పోవద్దన్నరని, ఇంట్ల ఊసుపోతదని మా ఆయన తెప్పించిన, బొమ్మ పడవ అతికించే కట్టెముక్కల డబ్బా అది. వెనకట సముద్రాల మీద తిరిగిన వైకింగులనేటోళ్ల పడవ అట. మామయ్య న్యాల్‌కల్‌ల నలభై ఏండ్లు ఎడ్లబండ్లు చేసిన మనిషి. కాగితం జూడకుంటనే, చేత్తోని తడిమి పలకలన్నీ అతికించిన్రు.

గానీ ముంగటి డ్రాగన్ తలకాయను లోపలికి తిప్పి అతికించిన్రు. డబ్బా మీది బొమ్మల అది సముద్రం దిక్కు చూస్తది. ఆపరేషన్ అయినా కండ్లు కనవడ్తలేవా ఏంది?

"మామయ్యా, బొమ్మల అటు తిరిగున్నది గదా," అని మెల్లగ అన్న.

"చూసిన బిడ్డా. కోరలెన్నో గూడ చెప్త. నీళ్లను చూసి అదేం జేస్తది? ఎక్కినోళ్లను చూసుకోవాలె గని."

నా ఫికర్ పోయింది. పడవను టీవీ పక్కన పెట్టిన.

రోజూ పొద్దుగూకంగ మామయ్య దర్వాజ కాడ కుర్చీ ఏసుకుంటరు. వీపు రోడ్డు దిక్కు, మొకం మా దిక్కు. లారీల దుమ్ముకు అట్ల కూసుంటరనుకున్న ఇన్నేండ్లు.