ఉత్తరం పిచ్చి

వదినగారికి మీ మరదలు నమస్కరించి రాసేది.
ఇక్కడ అందరం కులాసా. పోస్టాఫీసు నుంచి రిటైరైన మర్నాటి నుంచే మావయ్యగారు వేరే మనిషైపోయారు. పొద్దస్తమానం ఉత్తరం, ఉత్తరం అంటారు. దాని పటం హాల్లో తగిలించారు. "ఎంత తెల్లగా ఉందో చూడమ్మా!" అని మురిసిపోతారు. దానికోసం పూర్వం ఎందరో మంచంలో పడి పోయారట. ఎంత బాగా చెప్తారో! వింటూ వింటూ కూర మాడబెట్టాను.
ఇట్లు, మీ మరదలు.
తా.క. పటం చూస్తూ ఆ మాడుకూర కూడా వదలకుండా తినేశారు.

మరదలికి దీవెనలు.
అమ్మ పోయి పదేళ్లు. ముప్పై ఏళ్లు ఊరందరి ఉత్తరాలూ పంచిన నాన్నకి ఇప్పుడు సొంతానికి ఒకటి వచ్చిందన్నమాట! రాసిందెవరు? పటంలో తెల్లటావిడేనా? ముందు దాన్ని బీరువా వెనక్కి తొయ్యి.
నీ వదిన.
తా.క. తమ్ముడికి చెప్పకు. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

వదినగారికి నమస్కారాలు.
మీరడిగింది సరిగ్గా అర్థం కాలేదు. పటం తియ్యలేను, దాన్నిండా గుండుసూదులు గుచ్చారు. శనివారం లైబ్రరీలో మావయ్యగారు ఉత్తరం సంగతి పదిమందిలో చెప్పబోతున్నారు! నన్నూ పక్కన నిలబడి రెండు ముక్కలు మాట్లాడమన్నారు. అయిదో క్లాసుతో ఆపేసినదాన్ని, కొట్టువాడిని ధర అడగడానికే నోరు పెగలదు. అయినా ఒక్కసారి మాట్లాడాలనుంది వదినా! కాళ్లు నేల మీద ఆనడం లేదు.
మీ మరదలు.
తా.క. పోయినసారి తప్పు రాశాను. మంచంలో కాదు, మంచులో. కొమ్ము బదులు సున్నా పడింది.

మరదలా,
మంచూ లేదు, మంచమూ లేదు. నా చెవిలో పువ్వులు పెట్టకు. పదిమందిలో చెప్పేస్తాడా! శనివారం మొదటి బస్సుకి దిగుతున్నా. ఆ సభ ఎలా జరుగుతుందో చూస్తా.
వదిన.
తా.క. నీ రెండు ముక్కలూ నీ దగ్గరే దాచుకో.

వదినగారికి నమస్కారాలు.
క్షేమంగా చేరారని తలుస్తాను. సభలోకి దూసుకొచ్చి "ఏదీ ఆవిడ?" అని మీరు గర్జించడం, మావయ్యగారు చేతికర్రతో పటం పైకొస చూపించి "ఇదేనే, ఉత్తర ధ్రువం" అనడం, అప్పటి మీ మొహం, ఇంకా నా కళ్లలోనే ఉన్నాయి. నవ్వీ నవ్వీ ఆయనకు పొలమారింది. దగ్గు ఆగలేదు. ఇక నేనే లేచాను. మంచులో చిక్కిన ఓడ, బూట్లు ఉడకబెట్టుకు తిన్న నావికులు, అన్నీ చెప్పేశాను! నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఊపిరికి ఆగితే, ముందు వరసలోంచి "తర్వాతేమైందే?" అని అరిచింది మీరే.
మీరడిగిన దక్షిణ ధ్రువం పుస్తకం పంపుతున్నాం.
మీ మరదలు.
తా.క. అన్నయ్యగారు నాకు రహస్యంగా కవరు రాశారు. "మీ వదిన ధ్రువ, ధ్రువ అని కలవరిస్తోంది. ఎవడు చెల్లెమ్మా వాడు?" అని. ఏమని రాయమంటారు?