బార్లీ బస్తా ఇచ్చేశాను

ఏవండీ,

ఆస్పత్రి డ్యూటీకి పోతున్నాను. అన్నం వండేశాను, పాపకి వేడిగా పెట్టండి.

సామాన్ల గది చూసి గుండెలు బాదుకోకండి. వానాకాలానికని మీరు దాచిన బార్లీ బస్తాని కోళ్లఫారం ఆయనకి నేనే ఇచ్చేశాను. ఏళ్ల తరబడి నిలవుంటుందంటారు. ఎందుకుండదూ? ఎవరూ ముట్టుకోకపోతే ఇటుకలూ నిలవుంటాయి! పోయినేడాది వరదకి దారులు మూసుకుపోతే, దాన్ని ఉడకబెట్టడానికే గ్యాసంతా అయిపోయింది. మామయ్యకి నమలడానికి పళ్లు లేవాయె. పాపేమో నోట్లో పెట్టగానే ఉమ్మేసింది.

ఆ చోట ఇప్పుడు రస్కులు, బెల్లం, వేరుశనగలు, పాలపొడి పెట్టాను. పొయ్యి వెలిగించే పనే లేదు. పాలలో ముంచిస్తే రస్కులు మామయ్యా తింటారు. పాడయ్యేలోపు మనమే తినేస్తాం, మళ్లీ కొంటాను. గోదాములో మీరు స్టోర్‌కీపరే కావచ్చు, ఇంట్లో ఏది దాచాలో తినేవాళ్లు చెప్తారు. బస్తా వెనక్కి తెస్తే మళ్లీ ఇచ్చేస్తాను, ఆపైన మీ ఇష్టం.

అన్నట్టు, కింది అరలో రేకు డబ్బా ఉంది. అందులోని ఉప్పు బిస్కెట్లు అచ్చంగా మీకే. వరదప్పుడు మీ వంతు బిస్కెట్లు పాపకి పెట్టేసి, "నాకు బార్లీయే ఇష్టం" అన్నారే, అది నేను నమ్మాననుకున్నారా?