పాంపేయిలో కాళ్ళు వేసిన గుంట

నాయనకు జ్యోతి నమస్కారాలు. ఈ దేశంలో మన చేనేత చీరల ప్రదర్శన బాగా జరుగుతోంది, నా గురించి బెంగ వద్దు.

నిన్న మమ్మల్ని పాంపేయి తీసుకెళ్ళారు. రెండు వేల ఏళ్ళ కిందట అగ్నిపర్వతం పేలి బూడిదలో పూడిపోయిన రోమన్ల ఊరు అది. తవ్వి తీస్తే వీధులు, అంగళ్ళు, రొట్టెల పొయ్యిలు ఎక్కడివక్కడే ఉన్నాయి నాయనా. ఒక ఇంట్లో గోడ పక్కన గుంట కనిపించింది. అచ్చం మన ఇంట్లో కాళ్ళు దించి కూర్చుని నేసే మగ్గం గుంటే. నేతకు కూర్చునే ముందు మొక్కినట్టే అంచు తాకి కళ్ళకద్దుకుని, కాళ్ళు లోపల వేసుకుని కూర్చున్నాను. నా కాలు మగ్గం తొక్కుడు కర్ర కోసం దానంతటదే వెతికింది.

గైడు కేకలేస్తూ పరుగెత్తుకొచ్చాడు. మాతో వచ్చిన సోమందేపల్లె హేమావతక్క, "ఏమే, పరువు తీస్తాండావు, పైకి లెయ్" అనింది. అది నూనె జాడీ పాతిన గుంటట. నేనూ నేసేదాన్నేనని చెప్పాక గైడు నవ్వి, పక్క గదిలో మట్టి గుండ్లు చూపించాడు. నిలువు దారాలు, అదే పడుగు, బిగువుగా ఉండాలని ఆ కాలంలో మగ్గానికి వేలాడదీసేవాళ్ళట. ఒక గుండు మీద ఎవరిదో వేలి గుర్తు ఇంకా ఉంది.

అమ్మ మోకాలు ఎట్లా ఉంది? నీళ్ళ ట్యాంకరు వస్తోందా?

ఆదెన్న మేస్త్రీని రావద్దని చెప్పు. మన మగ్గం గుంట పూడ్చి టైల్స్ వేయిద్దామని నువ్వంటే నేనూ సరేనన్నాను, నిజమే. ఇప్పుడు వద్దు. నేను వచ్చే నెల దిగగానే అందులోనే కూర్చుంటాను.

నీకు, అమ్మకు మొక్కుతున్నాను. నేను వచ్చేవరకు గుంటకు నా బదులు నువ్వు మొక్కు.