డాబా మీద తెల్ల గిన్నె

ఫిబ్రవరి 9
అమ్మాయి తన ఆఫీసు డైరీ నాకిచ్చింది. మూడో తరగతితో ఆగిన చదువు, రోజుకో ముక్క రాస్తే అక్షరాలకు తుప్పు వదులుతుందట. ఏం రాయను? దుప్పట్లు ఉతికాను.

ఫిబ్రవరి 14
డాబా మీద అమ్మాయి గొట్టం పాతించి, దాని మీద బోర్లించిన గిన్నెలాంటి తెల్లది బిగించింది. ఫోన్లో దారి చూపించే శాటిలైట్ల సిగ్నల్ దానికి అందుతుందట. గాలిలో నీటి ఆవిరి ఎక్కువుంటే సిగ్నల్ రవ్వంత ఆలస్యంగా దిగుతుందట. ఆ ఆలస్యం కొలిచి పైన ఎంత నీరుందో చెప్తుంది. బస్సు ఆలస్యమైతే నేను తిట్టుకుంటాను, దీనికి అదే ఉద్యోగం. నువ్వు మాత్రం దాని జోలికెళ్ళకే అమ్మా అంది.

ఫిబ్రవరి 23
తీగ చాలలేదు. తడి బొంత గిన్నె మీద కప్పాను, పదింటికి. ఎంత చక్కగా నిలబడిందో! రెండింటికి తీసేశాను. అమ్మాయికి చెప్పలేదు.

మార్చి 11
బొంత. పది నుంచి రెండు.

మార్చి 12
అమ్మాయి అన్నం తినలేదు. ఆవిరి పెరిగింది, వాన వస్తుందని నిన్న ఆఫీసులో చెప్పిందట. ఎండ మాడ్చేసింది. ఏమ్మా, గొడుగులు తెచ్చుకోమంటివి, ఏదీ నీ వాన అని ఒకటే ఎగతాళట. గిన్నె మీద ఏమైనా వేశావా అమ్మా అనడిగింది. నీ గిన్నెతో నాకేం పనే అని కసిరాను.

ఏప్రిల్ 6
బొంత. పది నుంచి ఒంటిగంట. ఇంక వెయ్యను.

మే 3
అమ్మాయికి జ్వరం. నాలుగే రోజులు. అమ్మాయి ఇక లేదు.

జూన్ 19, సాయంత్రం 5
అమ్మాయి పై ఆఫీసరు వచ్చారు. అమ్మాయి కుర్చీలోనే కూర్చున్నారు. కొన్ని రోజులు పగటిపూట లెక్కలు ఉన్నట్టుండి చెడిపోయాయట. కారణం తెలియకపోతే మిగతావీ నమ్మలేం, అన్నీ పక్కన పెట్టేయాలి అన్నారు. చిన్నపిల్ల కదమ్మా, సరిగ్గా బిగించి ఉండదు అన్నారు.
నేను తలూపాను. కన్నతల్లిని, తలూపాను. పైగా టీ ఇచ్చాను.

జూన్ 20
ఆఫీసు గేటు దాకా వెళ్ళాను. తిరిగొచ్చేశాను.

జూన్ 22
ఆఫీసుకెళ్ళి ఆ పై ఆఫీసరుకి చెప్పేశాను. బిగించడంలో తప్పులేదు సార్, బొంత నాది అన్నాను. కాగితాలు దగ్గరికి లాక్కున్నారు. తర్వాత, ఏ రోజులు, ఏ టైములో వేశారో గుర్తుందామ్మా, ఆ గంటలు తీసేస్తే మిగతావి నిలబడతాయి, ఆ అమ్మాయి పేరుతోనే పై ఆఫీసుకు వెళ్తాయి అన్నారు.
రాసుకున్నాను సార్, రేపు తెస్తాను అన్నాను.
ఇంటికొచ్చి మార్చి పన్నెండు పేజీ చింపబోయాను. కసిరాను అని రాసి ఉంది. దాని వెనకే పదకొండు, బొంత వేసిన గంటలు. చింపలేదు. చదవనీ. అందరూ చదవనీ.

జూన్ 25
డైరీ ఇచ్చేశాను. ఇది క్యాలెండరు వెనక.
బొంత ఉతికాను. వంటింట్లో ఆరేశాను, ఇల్లంతా నీళ్ళు.
గిన్నె మీద ఏమీ వెయ్యలేదే తల్లీ. వచ్చి చూసుకో.