ఎర్రదారం కుట్టు

అక్కా,

బావగారు దొరికారు, ప్రాణంతో కాదు. ఈ మాట నీకు నాలుగు రోజుల క్రితమే రాయాల్సింది. ఎందుకు రాయలేదో చెబుతాను, తిట్టకుండా చదువు.

మనవాళ్ళని చంపి పూడ్చిన గోతుల్లో బయటపడ్డ బట్టలు ఉతికి ఆరవేసే పని నాదని నీకు తెలుసుగా. సోమవారం ఒక నీలం చొక్కా వచ్చింది. సంచి మీద నంబరే ఉంది, పేరు లేదు. కాలరు కింద నువ్వు ఎర్రదారంతో వేసిన కుట్టు చూడగానే పోల్చుకున్నాను. ఏడుపు రాలేదక్కా, నీ మీద కుళ్ళు పుట్టింది. చిన్నప్పటి నుంచీ ఏదైనా ముందు నీకే, ఇది కూడానా అనిపించింది. చొక్కా మడిచి బల్ల కింద దాచేశాను.

నిన్న, ఆ గోతులు తవ్విస్తున్న విదేశీ డాక్టరమ్మ దాన్ని చూసింది. కోప్పడలేదు. పక్కన కూర్చుని, "మీ వాళ్ళని చంపబోతున్నారని మాకు ముందే కబురొచ్చిందమ్మా. అయినా మీకు కాపలాగా ఉన్న మా సైనికుల్ని వెనక్కి పిలిపించేశారు. అప్పుడు ఆపలేదు. ఇప్పుడు ఎవరి మనిషిని వాళ్ళకి అప్పగించడమన్నా చెయ్యాలి కదా," అంది.

"మరి మా ఆయన?" అన్నాను.

"ఇంకా రెండు గోతులున్నాయి, వెతుకుతాం," అంది. దొరుకుతాడని మాత్రం అనలేదు.

అప్పుడు బావగారి పేరు చెప్పి, చొక్కా గుర్తుపట్టినట్టు సంతకం పెట్టాను.

వెంటనే బయల్దేరి రా. కుళ్ళు ఇంకా పోలేదు, నీ దగ్గర దాచను. నీకు వెళ్ళి కూర్చుని ఏడవడానికి ఒక చోటుంటుంది. ఆయన మీద మట్టి వేసేటప్పుడు, ఒక్క గుప్పెడు మా ఆయన పేరు చెప్పి నన్ను వెయ్యనిస్తావా?

నీ చెల్లి